ఉప్పు చూడని మాస్టారు

"ఈ వారం ఏ హీరో?" అని అడుగుతారు మీరు. నాకు తెలుసు! పేజీ తిప్పగానే ఓ స్టిల్లు, స్టిల్లు కింద ఓ నవ్వు, నవ్వు కింద "ఈ పాత్ర చాలా డిఫరెంటండీ" అనే ఓ ముక్క కోసం మీ కళ్ళు వెతుకుతాయి. ఈ వారం అవేమీ లేవు. ఈ వారం మన హీరో వయసు 54. కాస్ట్యూమ్స్: గళ్ళ లుంగీ, భుజం మీద తువ్వాలు. మేకప్: చెమట. సెట్టింగు: పలాస-కాశీబుగ్గలో ఓ రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, పదహారు కుర్చీలు. రోజుకి ఒక్కటే ఆట, అదీ మ్యాట్నీ!

మాస్టారంటే బడిపంతులు కాదండోయ్. హోటళ్ళ భాషలో పొయ్యి దగ్గర నిలబడేవాడే మాస్టారు.

కంగారుపడి పేజీ తిప్పెయ్యకండి. ఇందులో సినిమా కబుర్లున్నాయి, స్పెయిన్ ఉంది, తుపాను ఉంది, ఓ వీరాభిమాని కూడా ఉన్నాడు. ఫైట్లు మాత్రం లేవు. ఉన్నా, అవి తెర మీద కనబడే రకం కాదు.

స్పెయిన్ నుంచి కాశీబుగ్గ దాకా

అసలు కథ స్పెయిన్‌లో మొదలైంది. 2011లో జోయా అఖ్తర్ తీసిన 'జిందగీ నా మిలేగీ దొబారా' చూసిన కుర్రాళ్ళలో సగం మందికి స్పెయిన్ వెళ్ళిపోవాలనిపించింది. నాకూ అనిపించింది. బున్యోల్ అనే ఊళ్ళో జనం టమాటాలతో కొట్టుకునే పండగ చూసి "అయ్యయ్యో, పులుసుకైనా పనికొచ్చేవి కదరా!" అన్నది మా అమ్మ ఒక్కతే.

ఆ సినిమా పుణ్యమా అని స్పెయిన్ వంటల మీద నాకు మోజు పట్టుకుంది. అక్కడ 'ఎల్ బుల్లి' అని ఒక హోటలుండేది. కాటలోనియా తీరాన, రోసెస్ అనే ఊరికి దగ్గర్లో, సముద్రం లోపలికి తొంగిచూసే ఓ చిన్న మలుపులో. వంటవాడి పేరు ఫెరాన్ అద్రియా. ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన హోటలని 5 సార్లు పేరు తెచ్చుకుంది. ఏడాదిలో సుమారు సగం రోజులే తెరిచేవారు. మిగతా సగం కొత్త వంటకాలు కనిపెట్టడానికి! వెళ్ళినవాడు "నాకిది కావాలి, అది వద్దు" అనడానికి లేదు. ఆయన ఏం పెడితే అది తినాలి. 2011 జూలైలో దాన్ని మూసేశారు. అంతకు ముందే, 2010లో, దాని మీద ఓ డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది. పాటలు లేవు, హీరోయిన్ లేదు. అయినా నేను రెండుసార్లు చూశాను.

ఈ కబుర్లన్నీ టెక్కలి మిత్రుడొకడికి చెబుతోంటే వాడు ఆవులించి, "దీనికి అంత దూరం ఎందుకు? మా పలాసలో ఓ మాస్టారున్నాడు. ఆయనా ఏం పెడితే అదే తినాలి. పైగా స్పెయిన్ చూసొచ్చినవాడు" అన్నాడు.

స్పెయిన్ చూసొచ్చిన వంటవాడు పలాసలోనా! మర్నాడే విశాఖలో పలాస బండి ఎక్కాను.

శ్రీకాకుళం రోడ్డు దాటాక తిలారు, కోటబొమ్మాళి, నౌపడా, పూండి... స్టేషన్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. కుడిచేతి వైపు సముద్రం ఉందని గాలి చెబుతుంది గాని కంటికి కనబడదు. నౌపడా పేరు వినగానే ఈ ప్రాంతం వాళ్ళకి గుర్తొచ్చేవి ఉప్పు మళ్ళు. సముద్రపు నీటిని మళ్ళల్లో నిలగట్టి, ఎండకి ఇగరబెట్టి, రాళ్ళుప్పు తీసే చోటు. ఆ ఉప్పుతో మనకి తర్వాత పని పడుతుంది. గుర్తుంచుకోండి.

పలాసలో దిగగానే పలకరించేది జీడిపప్పు. గింజని వేడి చేసి, పెంకు కొట్టి, పొట్టు తీసి, సైజుల వారీగా ఏరి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలకి పేరుపడ్డ ఊరిది. ఏరే చేతుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళవే. 320 గ్రేడు అంటే పౌనుకి దగ్గర దగ్గర 320 పప్పులు తూగుతాయని లెక్క. నంబరు తగ్గినకొద్దీ పప్పు పెద్దది, ధర ఇంకా పెద్దది! ఇంతకీ జీడిచెట్టు మన దేశపుది కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చి మన తీరాన నాటింది. స్పెయిన్‌కి పక్కింటివాళ్ళన్నమాట!

సినిమావాళ్ళకీ ఈ ఊరు కొత్త కాదు. కరుణ కుమార్ దర్శకత్వంలో 2020లో వచ్చిన 'పలాస 1978' మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఆవేశం ఉంది, రక్తం ఉంది. నేను వెళ్ళింది మాత్రం అన్నం కోసం.

ఒక్కటే ఆట

పొద్దున్న పదింటికే వెళ్ళి కూర్చున్నాను. మార్చి ఆఖరు. రేకుల కింద అప్పటికే సెగ.

"ఏటి బాబూ, అప్పుడే వొచ్చీసినారు? ఇంకా కుంపటి రాజుకోనేదు. కూకోండి" అన్నారాయన నవ్వుతూ.

మెనూ కార్డు లేదు. గోడకి ఓ నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో ఆ రోజు ఏముందో అది రాస్తారు. తెల్లవారుజామున రేవు నుంచి ఏ చేప వస్తే ఆ చేప. తోటల నుంచి ఏ కాయ వస్తే ఆ కాయ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కదా. ఆ రోజుల్లో బల్ల మీద "చేప దొరికితే ఉంది" అని రాస్తారట. ఇంతకంటే నిజాయితీగల పోస్టరు నేనింతవరకూ చూడలేదు!

ఆ రోజు బల్ల మీద ఉన్నవి: పనసకాయ ఆవకూర, పచ్చి జీడిపప్పు ఇగురు, నెత్తళ్ళ వేపుడు, కోనాం పులుసు, మిరియాల చారు, పెరుగు. మనిషికి 120 రూపాయలు. గంజి వార్చడం దగ్గర్నుంచి తాలింపు దాకా అన్నీ ఆయన చేతుల మీదుగానే. కూరలు తరగడానికి ఓ కుర్రాడు, కౌంటర్లో ఆయన భార్య. అంతే యూనిట్టు.

ఓ చిత్రమైన సంగతి గమనించాను. ఏ కూరైనా ఉడుకు పట్టగానే ఆయన గరిటెతో రవ్వంత తీసి, కిటికీలోంచి కౌంటర్ వైపు చాపుతారు. ఆవిడ అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుని, వేళ్ళు రెండు పైకెత్తితే రెండు చిటికెలు ఉప్పు. తల ఊపితే ఓకే! అచ్చం షాటు తర్వాత డైరెక్టరు వైపు చూసే ఆర్టిస్టులా ఈయన ఆవిడ మొహం వైపు చూస్తారు. "అమ్మగారు డైరెక్టరన్నమాట!" అన్నాను. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు.

పన్నెండున్నరకి పదహారు కుర్చీలూ నిండిపోయాయి. జీడి వ్యాపారులు, లారీ డ్రైవర్లు, టీచర్లు, ఆసుపత్రి పని మీద పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు బయట వేపచెట్టు కింద. ఫక్తు హౌస్‌ఫుల్!

భోజనం సంగతి చెప్పాలంటే... పనసకాయ కూరలో ఆవ ముక్కు దాకా ఎక్కి, కళ్ళలో నీళ్ళు తిరిగే లోపల దిగిపోయింది. పచ్చి జీడిపప్పు మీరు లడ్డూలో తినేదానిలా పళ్ళ కింద కటుక్కుమనదు. వెన్నలా నలుగుతుంది. పెంకులోని జిడ్డు చేతుల్ని కాలుస్తుంది గనుక దాన్ని వలవడం తేలిక పని కాదు, దొరికేది నెలా రెండు నెలలే. కోనాం పులుసు గురించి ఒక్క మాట చెబుతాను. మొదటి ముద్దకి మాటలాగిపోయాయి. రెండో ముద్దకి బాకీ ఉన్న వ్యాసం గుర్తు రాలేదు.

వలెన్సియా ముసలాయన

రెండున్నరకి గిన్నెలు ఖాళీ. తలుపు ఓరగా వేసి, చెమట తుడుచుకుని వచ్చి నా ఎదుట కూర్చున్నారు మాస్టారు. ఇక మన ఇంటర్వ్యూ!

"మీది ఏ ఊరు?"

"కవిటి కాడ పల్లె. ఉద్దానపోడినే."

ఉద్దానం గురించి తెలియనివారి కోసం: ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ మండలాల్లోని కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానమైందని చెప్పుకుంటారు. తోటలున్నా చేతినిండా పని లేక, ఇక్కణ్ణుంచి బొంబాయికీ, గుజరాత్ బోట్ల మీదకీ, గల్ఫుకీ వలసపోయేవాళ్ళు ఎక్కువ. వలసపోయి పాకిస్తాన్‌కి పట్టుబడ్డ ఈ జిల్లా జాలర్ల గాథే చందూ మొండేటి 'తండేల్' (2025) సినిమాకి ఆధారం.

మన మాస్టారు పదహారో ఏట బొంబాయి పోయారు. క్యాంటీన్లో గిన్నెలు తోమి, పిండి రుబ్బి, చివరికి సరుకుల ఓడలో వంటవాడయ్యారు. ఇరవై రెండు మంది కడుపులు ఆయన చేతిలో.

"మరి స్పెయిన్?"

"1999లో ఒకపాలి వలెన్సియా రేవుల మూడ్రోజులు ఆగినాం. రేవు పక్క సందుల ఓ ముసలాయన హోటలుండేది. మూడ్రోజులూ అక్కడే తిన్నాను."

ఆ హోటల్లో ఒకే వంటకం. పాయెయా! మాటవరసకి చెబుతున్నాను, పాయెయా అంటే అసలు వంటకం పేరు కాదు, మూకుడి పేరు. వెడల్పాటి, లోతులేని ఇనుప మూకుడు. వలెన్సియా పొలాల్లో కూలివాళ్ళు మధ్యాహ్నం పూట బియ్యం, చిక్కుళ్ళు, కోడి, కుందేలు, ఏది చేతికందితే అది వేసి, నారింజ కట్టెల మంట మీద వండుకుని, మూకుడు చుట్టూ కూర్చుని తినేవారు. రాత్రిపూట తినే తిండి కాదది. మధ్యాహ్నానిదే.

"అడుగున మాడు కడతాది బాబూ. మనింట్లో మాడు కట్టిందంటే కోడల్ని తిడతారు. అక్కడ ఆ మాడు కోసం తగువులాడుకుంటారు! దానికి పేరు కూడా ఉంది... సొకర్రాట్!" అంటూ కళ్ళు పెద్దవి చేశారు.

"ఆ ముసలాయన దగ్గర వంట నేర్చుకున్నారా?"

"నేదు. నాకాయన భాష రాదు, ఆయనకి నా భాష రాదు. ఒకటే సూసినాను. మూకుడు పొయ్యి మీద పెట్టీసి, లోపల్నుంచి వొచ్చి ఎవులు తింతన్నారో సూసీవోడు. రేవు కూలోళ్ళుంటే ఒకలాగ, ముసిలోళ్ళుంటే ఒకలాగ. మొదట్రోజు నాను కుందేలు పక్కకి పెట్టీసినాను. రెండో రోజు నా పళ్ళెంల కుందేలు నేదు. నానేటీ సెప్పనేదు. ఆడే సూసీసినాడు. ఆ మాట నాకు బుర్రలో ఉండిపోనాది."

స్పెయిన్ నుంచి మాస్టారు తెచ్చుకున్నది ఇదీ. కుంకుంపువ్వు కాదు, ఆలివు నూనె కాదు. తినేవాడి మొహం చూసి వండాలన్న ఒక్క సంగతి.

2012లో ఓడ దిగి వచ్చేసి, ఈ షెడ్డు వేశారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర్లోనే తీరం దాటింది. షెడ్డు రేకులు ఎక్కడికి ఎగిరిపోయాయో ఇప్పటికీ తెలీదు. ఊళ్ళో ఆయన వాటాకి వచ్చిన నలభై కొబ్బరిచెట్లలో తొమ్మిది మిగిలాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. "కరెంటు రావడానికే శానా రోజులు పట్టినాది. రేకులు నేకపోతే ఏటి, పొయ్యి ఉంది గదా" అని, కొత్త రేకులు వచ్చేదాకా టార్పాలిన్ కింద వండారు.

ఆకుపచ్చ గుడ్డ గిన్నె

ఇంటర్వ్యూ ఇక్కడితో ఆపేసి ఉంటే ఇదొక మంచి హోటలు కథ అయ్యేది. కాని పొద్దుట్నుంచీ నా కంటికి ఒకటి తగులుతూనే ఉంది. పొయ్యి పక్కన, మూతకి ఆకుపచ్చ గుడ్డ చుట్టిన ఓ సత్తుగిన్నె. అందులోంచి ఏ బల్లకీ వడ్డించలేదు. పదకొండున్నరకి మాత్రం పదీ పన్నెండు చిన్న క్యారియర్లలో సర్ది కుర్రాడి చేత ఎక్కడికో పంపారు.

"అదేమిటి?" అన్నాను.

"పథ్యం కూర" అన్నారాయన.

ఉద్దానంలో పాతికేళ్ళకు పైగా కిడ్నీ జబ్బు ఇళ్ళకి ఇళ్ళనే పట్టుకుంది. షుగరు లేనివాళ్ళకి, బి.పి. లేనివాళ్ళకి, పొలం పని చేసుకునే మామూలు మనుషులకి. నీళ్ళన్నారు, ఎండన్నారు, మందులన్నారు. దేశ విదేశాల నుంచి శాస్త్రజ్ఞులు వచ్చి పరీక్షలు చేశారు. ఇదీ కారణమని ఇదమిత్థంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానం పల్లెలకి మంచినీళ్ళ పథకమూ అప్పుడే మొదలైంది. జబ్బు ముదిరినవాళ్ళకి డయాలసిస్. మామూలుగా వారానికి 3 సార్లు, ఒక్కొక్కసారి సుమారు 4 గంటలు.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి తిండి దగ్గర వంద ఆంక్షలు. మంచి ఉప్పు తగ్గించాలి. పొటాషియం ఎక్కువున్నవి తగ్గించాలి. ఆ రెండో జాబితా మాస్టారు గోడకి అంటించుకున్నారు, ఆసుపత్రి కాగితం జిరాక్స్ కాపీ. చదువుతోంటే నా గొంతు ఎండిపోయింది. కొబ్బరినీళ్ళు కూడదు. జీడిపప్పు కూడదు. పనస కూడదు. అరటిపండు, చింతపండు, టమాటా తగ్గించాలి. ఎండుచేప, ఊరగాయ, అప్పడం ఉప్పు వల్ల కూడదు.

చూశారా! కొబ్బరిచెట్టు కింద పుట్టి, జీడితోటలో ఆడుకుని, పనసతొనలు తిని, ఎండుచేప వాసన మధ్య పెరిగినవాడికి అవన్నీ కూడదు. పక్కనే నౌపడాలో ఉప్పు కుప్పలు. ఆ ఉప్పు ఇతనికి విషంతో సమానం. ఏ దేశంలోనైనా వంటవాడికి ఇంతకంటే గట్టి పరీక్ష పెట్టారా?

మాస్టారి అన్నగారికి ఆ జబ్బు వచ్చినప్పుడు మొదలైందీ గిన్నె. ఆసుపత్రి మంచం మీద అన్నగారు చప్పిడి కూడు చూసి మొహం తిప్పేసుకునేవారట. తినకపోతే నీరసం, తింటే వెగటు. అప్పుడు ఈయనకి వలెన్సియా ముసలాయన గుర్తొచ్చాడు.

"ఉప్పు నేకండా రుచి ఎలా తెస్తారు?"

"ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ... ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళల్లో ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసీయాల. పొటాషియం కొంత ఆ నీళ్ళతో పోతాదని డాట్రుబాబు సెప్పినారు. తరవాత ఎల్లుల్లి, ఏపిన జీలకర్ర, మిరియం. దింపినాక ఆవ. నిమ్మకాయ సెక్క ఒక్కపాలి పిండీది. నాలిక్కి ఉప్పు నేదని తెలిసీలోగ ముక్కుకి ఆవ ఎక్కీయాల! అదీ కిటుకు."

మార్కెట్లో దొరికే 'తక్కువ సోడియం ఉప్పు' వాడొచ్చు కదా అన్నాను, తెలివిగా. ఆయన రెండు చేతులూ అడ్డం ఊపారు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుందట, వీళ్ళకి అది మరీ ప్రమాదమట. ఎవరికి ఎంత కూర, ఎంత చారు, గుడ్డులో తెల్లసొన ఎవరికి పెట్టాలి... అన్నీ వాళ్ళ వాళ్ళ డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే. క్యారియర్ మూతల మీద రంగు గుర్తులు అందుకే!

"ఉచితమా?"

"నేదు. నలభై రూపాయలు. ఊరికే పెడితే మొహమాటపడి రెండోపాలి రారు. డబ్బిస్తే 'ఈ రోజు ఆవ తగ్గిపోనాది మాస్టారూ' అని తిట్టొచ్చు గదా."

వీరాభిమాని

మేం మాట్లాడుతుండగానే ఓ ఆటో వచ్చి ఆగింది. 31 ఏళ్ళ కుర్రాడు దిగాడు. ఖాళీ క్యారియర్ కౌంటర్ మీద పెట్టి, నేను సినిమా పత్రికవాణ్ణని తెలియగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరి అభిమానో చెప్పను. చెబితే ఇంకో హీరో అభిమానులు నా ఇంటికి ఉత్తరాలు రాస్తారు!

"సార్, ఫలానా సినిమా రిలీజ్ డేట్ మారిందటకదా, నిజమేనా?" అన్నది మొదటి ప్రశ్న. మారిందన్నాను. మొహం వాడిపోయింది. వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకున్నాడు.

"ఏం?"

"కొత్త డేట్ గురువారం సార్. నాది మంగళ, గురు, శనివారాలు."

అతను వారానికి 3 రోజులు డయాలసిస్ చేయించుకుంటాడు. సోమ, బుధ, శుక్రవారాల బ్యాచీ ఒకటి, మంగళ, గురు, శనివారాల బ్యాచీ ఒకటి. మొదట తనని శుక్రవారం బ్యాచీలో వేస్తే, "శుక్రవారం వద్దు సిస్టర్, నాకు ఫస్ట్ షో ఉంటుంది" అని బతిమాలి మార్పించుకున్నాడట. ఆసుపత్రిలో ఇప్పటికీ అతన్ని 'ఫ్రైడే' అనే పిలుస్తారు.

"హాల్లో ఇంటర్వెల్‌కి బయటకి రాను సార్. పాప్‌కార్న్ వాసనొస్తే ఉండలేను. నీళ్ళు కూడా కొలతే. జేబులో చిన్న సీసా ఉంటుంది, పాటకి రెండు గుక్కలు" అన్నాడు నవ్వుతూ. చొక్కా చెయ్యి పైకి జారినప్పుడు మోచేతి దగ్గర ఉబ్బిన నరం కనబడింది. నేను చూపు తిప్పుకున్నాను. అతను తిప్పుకోలేదు. "ఇది నా సీజన్ టిక్కెట్టు సార్" అన్నాడు.

మనం హీరో కటౌట్‌కి పాలు పోసేవాళ్ళనే వీరాభిమానులనుకుంటాం. ఫస్ట్ షో కోసం ప్రాణాధారమైన మిషను తేదీ మార్పించుకున్న అభిమానిని నేను చూడ్డం ఇదే మొదటిసారి.

గరిటె రహస్యం

'ఫ్రైడే' వెళ్ళిపోయాక నేనో కోరిక కోరాను. ఆ పథ్యం కూర నాకూ కాస్త పెట్టమని.

మాస్టారు రెండు ఆకులు వేశారు. ఒకటి నాకు, ఒకటి తనకి. ఆకుపచ్చ గుడ్డ గిన్నెలో అడుగున మిగిలిన ఆనపకాయ ఆవకూర ఇద్దరికీ వడ్డించారు. అప్పటిదాకా ఆయన భోంచెయ్యలేదని అప్పుడు తట్టింది నాకు.

మొదటి ముద్ద... ఏమీ తెలియలేదు. రెండో ముద్దకి ఆవ ఎక్కింది. నాలుగో ముద్దకి గాని ఆనపకాయకి తనదైన ఓ తియ్యదనం ఉంటుందని తెలిసి రాలేదు. ఇన్నేళ్ళూ దాన్ని ఉప్పు కింద పాతిపెట్టి తిన్నాను కాబోలు. కోనాం పులుసంత బావుందని అబద్ధం చెప్పను. మళ్ళీ వేయించుకున్నానని మాత్రం నిజం చెబుతాను.

తింటూ తింటూ అడిగేశాను. "మీరెందుకు ఇది తింటున్నారు?"

ఆయన జవాబు చెప్పలేదు. కౌంటర్లోంచి ఆవిడే చెప్పింది. "ఎనిమిది నెల్లయ్యింది బాబూ. రకతం పరీక్షల క్రియాటిని ఎక్కువొచ్చినాది."

పొద్దుట్నుంచి చూసిన గరిటె రహస్యం అదీ! ఆయన ఉప్పు చూడరు. చూడకూడదు. ఒక్కొక్క కూరలో రవ్వంతే అయినా రోజంతా చూస్తే లెక్క దాటుతుందని, పైగా నాలిక మళ్ళీ ఉప్పుకి అలవాటు పడితే చప్పిడి కూడు దిగదని ఆయనే నియమం పెట్టుకున్నారు. నేను లొట్టలేసుకుని తిన్న కోనాం పులుసుని ఆయన రుచి చూసి ఎనిమిది నెలలైంది. చెయ్యి ఆయనది, నాలిక ఆవిడది.

అన్నగారు?

"2021లో పోనాడు" అన్నారు మాస్టారు. "గిన్నె ఆగిపోతాదేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరు వొచ్చి నిలబడినారు, క్యారియర్లతోటి."

"డాక్టరుగారేమన్నారు?"

"నీది ఇంకా మిసను దాకా రానేదు, జాగరత్తగా ఉంటే శానా ఏళ్ళు ఉండొచ్చు అన్నారు. నొప్పుల బిళ్ళలు ఏసుకోవొద్దన్నారు. ఎండల, సెగల నిలబడొద్దన్నారు." కాసేపాగి నవ్వారు. "పొయ్యి కాడ నిలబడొద్దంటే నాను మరెక్కడ నిలబడాల?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ దగ్గర ఉంది. ఇప్పుడు సోమవారాలు ఆయన్ని కౌంటర్లో కూర్చోబెట్టి, ఆవిడే పొయ్యి దగ్గర నిలబడుతోంది. వచ్చే నెల నుంచి గురువారం కూడా. ఆకుపచ్చ గుడ్డ గిన్నె ఇప్పటికే ఆవిడ చేతికి వచ్చేసింది. ఈ పూట నేను తిన్నది ఆవిడ వండిందేనట!

"సోమారం కూర బాగుందని సెప్తన్నారు జనం" అన్నారు మాస్టారు, కాస్త ముటముటలాడుతూ.

"కుళ్ళు" అందావిడ.

భోజనాల సినిమాలు మీకూ నాకూ కొత్త కాదు. 1957లో 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావుగారు పెళ్ళివారి వంటకాలన్నీ ఒక్కచేత్తో లాగించేస్తే ఇప్పటికీ ఈలలు వేస్తాం. ఘటోత్కచుడికి ఏ డాక్టరూ అడ్డు చెప్పలేదు గనుక సరిపోయింది. 1972లో 'బావర్చీ'లో రాజేష్ ఖన్నా వంటవాడై వచ్చి ఓ ఇంటిని బాగుచేసి వెళ్ళిపోయాడు. ఈ మాస్టారు ఎక్కడికీ వెళ్ళరు. వెళ్ళే వీలు లేదు. పదకొండున్నరకి క్యారియర్లు కదలాలి.

బండి టైము అయింది. లేచాను. డబ్బిస్తే 120 తీసుకుని, పథ్యం కూరకి మరో 40 కూడా అడిగి మరీ తీసుకున్నారు. "రేపు తిట్టాలంటే మీక్కూడా అధికారం ఉండాల గదా" అన్నారు.

మీరెప్పుడైనా పలాస వెళితే... ఆ హోటలు పేరు నేను రాయలేదు, రాయనని మాటిచ్చాను. పదహారు కుర్చీల చోట నూట అరవై మంది వస్తే ఆయన పొయ్యి దగ్గర ఇంకో రెండు గంటలు నిలబడాలి. కాశీబుగ్గలో ఏ ఆటో కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. పన్నెండుకల్లా వెళ్ళండి. బల్ల మీద ఏది రాసి ఉంటే అది తినండి. బావుంటే బావుందని అమ్మగారికి చెప్పండి.

ఆకుపచ్చ గుడ్డ కట్టిన గిన్నె వైపు మాత్రం చూసి ఊరుకోండి. దాని లెక్క వేరు. ఆ రోజు మిగిలితేనే మనకి.